చదువుతోపాటు చిన్న సంపాదన – ఏ పని మేలు?

మన తాతల కాలంలో బీదింటి పిల్లవాడు పట్నం వచ్చి చదువుకోవాలంటే వారాలు చేసుకునేవాడు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం మరొకరింట్లో. ఏ వారమైనా ఇల్లు దొరక్కపోతే ఆ రోజుకు మంచినీళ్ళే గతి. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారిని చదివించటానికి ఆయన తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపారు. ఆ రోజులు పోయాయి. హాస్టళ్ళు వచ్చాయి, స్కాలర్‌షిప్పులు వచ్చాయి. అయినా మెస్ బిల్లు కట్టాల్సిన నాడు మన హాస్టలు వరండాలో తిరిగే ముఖాలను చూస్తే ఆ బాధ పూర్తిగా తీరలేదని తెలుస్తుంది. ఆనాటివాళ్ళు పూట భోజనం కోసం ఇల్లు వెతుక్కున్నారు. మనం పని వెతుక్కుంటున్నాం. అంతే తేడా.

నా సంగతే చెబుతాను. ఎం.ఎస్సీ. గణితం రెండో సంవత్సరం. నాన్న కౌలు రైతు. ఇంటినుంచి వచ్చేదానికీ, ఇక్కడ నాకయ్యేదానికీ మధ్య నెలకు 3,000 రూపాయల తేడా ఉంది. దాన్ని ఎలా పూడ్చుకోవాలన్నది పోయిన వేసవిలో నాకు ప్రశ్నపత్రంలో ఏ ప్రశ్నకూ తీసిపోని ప్రశ్న అయి కూర్చుంది. ఏరు దాటేముందు లోతు చూడమన్నారు కదా! అందుకని ఏ పనిలోనూ దిగకుండానే, ఆ పనులు చేస్తున్న మిత్రులను కలిసి, అడిగి, కాగితం మీద లెక్క కట్టాను. నా అంకెలే అందరికీ సరిపోతాయని అనను. పేట మారితే అంకె మారుతుంది. కానీ లెక్క కట్టే పద్ధతి మాత్రం మారదు. జూనియర్ మిత్రులకు ఉపయోగపడుతుందని అదే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సూత్రం ఇది: నెలకు ఎంతొస్తుందని అడక్కండి, గంటకు ఎంత మిగులుతుందని అడగండి. గంటంటే పని చేసిన గంట ఒక్కటే కాదు. గది తలుపు వేసి బయల్దేరినప్పటినుంచి మళ్ళీ తలుపు తీసేదాకా పట్టిన కాలమంతా. మిగలటమంటే చేతికొచ్చింది కాదు, ఖర్చులు పోగా నిలిచింది.

ముందుగా ట్యూషన్ చూద్దాం. నాకు రెండు కబుర్లు వచ్చాయి. ఒకటి దూరాన, ఊరి అవతలి కొసన. తొమ్మిదో తరగతి పిల్లవాడికి లెక్కలు. నెలకు 22 రోజులు, రోజుకు గంటన్నర, 4,000 రూపాయలు. రెండోది క్యాంపస్ పక్క వీధిలోనే. నెలకు 17 రోజులు, అదే గంటన్నర, 3,000 రూపాయలు. వినగానే ఎవరైనా మొదటిదానికే మొగ్గుతారు. కానీ దూరపు ఇంటికి బస్సులో రానూపోనూ గంటన్నర పడుతుంది. అంటే రోజుకు 3 గంటలు, నెలకు 66 గంటలు. నాలుగు వేలను 66తో భాగిస్తే గంటకు 60 రూపాయలు. పక్క వీధికి నడిచి వెళ్ళి రావటానికి అరగంట చాలు. రోజుకు 2 గంటలు, నెలకు 34 గంటలు. గంటకు 88 రూపాయలు! వెయ్యి తక్కువ వచ్చే పనే గిట్టుబాటు పని అయింది. పైగా 32 గంటలు మిగిలాయి.

ట్యూషన్ ఒప్పుకునే ముందు మొహమాటపడకుండా మూడు సంగతులు అడగాలి. పండుగ సెలవులకు డబ్బు కోస్తారా? పిల్లవాడు ఊరెళ్తే ఆ రోజులు మళ్ళీ చెప్పాలా? నెల ఏ తారీఖున డబ్బిస్తారు? మధ్యలో ఏజెన్సీ ఉంటే మొదటి నెల జీతంలో వాళ్ళ వాటా ఎంతో కూడా ముందే తేల్చుకోవాలి. ఇవి అడిగితే ఏమనుకుంటారోనని జంకేవాళ్ళున్నారు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అడక్కపోతేనే సంక్రాంతి తర్వాత ఇరువైపులా మనసులు నొచ్చుకుంటాయి.

రెండోది, బండి మీద భోజనం పొట్లాలు ఇళ్ళకు చేర్చే పని. నా రూమ్మేటు వరంగల్లువాడు, ఈ పని చేస్తాడు. "నాకు దినాం నాలుగు వందలొస్తయ్‌ర బై" అనేవాడు ధీమాగా. ఒక రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఏడింటినుంచి పదకొండింటిదాకా 4 గంటలు. తిరిగింది 60 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండి, పెట్రోలు లీటరు 107 రూపాయలని వేసుకుంటే 143 రూపాయలు పెట్రోలుకే పోయాయి. టైర్లు, చైను, ఆయిలు, సర్వీసు – వీటికి రోజుకు 40 పక్కన పెట్టాం. మిగిలింది 217. గంటకు 54 రూపాయలు. బండి కంతులు ఇందులో కలపనే లేదు. వాడు కాసేపు కాగితం వైపు చూసి, "అరె, బండి నన్ను సాకుతున్నదా, బండిని నేను సాకుతున్ననా?" అన్నాడు.

ఈ పనిలో మరో చిక్కుంది, చాలామంది పట్టించుకోరు. సొంత వాడకానికని తీసుకున్న బండి ఇన్సూరెన్సు పాలసీని ఒకసారి తిరగేసి చూడండి. అద్దెకు తిప్పినప్పుడు, సరుకులు మోసినప్పుడు వర్తించదని అందులో షరతు ఉంటుంది. కనుక ప్రమాదం జరిగితే క్లెయిము తిరగ్గొట్టే వీలుంటుంది. ఇక కంపెనీకీ మనకూ ఉన్న సంబంధం. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి గిగ్ కార్మికుడు అనే మాటకు నిర్వచనం ఇచ్చింది. యజమాని–ఉద్యోగి అనే పాత సంబంధానికి బయట పని చేసి సంపాదించుకునేవాడని దాని సారాంశం. పని చేయించుకునేవాళ్ళు ఉంటారు గాని, మామూలు అర్థంలో యజమాని అంటూ ఉండడన్నమాట. ఈ పని చెయ్యొద్దని నేననను. చేసేవాళ్ళు ప్రమాద బీమా ఉందో లేదో, ఎంతవరకో కాగితం మీద చూసుకుని బండెక్కాలి.

మూడోది కేటరింగు. పెళ్ళిళ్ళలో వడ్డనకు వెళ్ళటం మన హాస్టళ్ళలో కొత్త సంగతి కాదు. ఒక పెళ్ళికి 600 రూపాయలనుకోండి. సాయంత్రం నాలుగింటికి వ్యాను ఎక్కితే, దిగేసరికి అర్ధరాత్రి దాటి ఒంటిగంట. 9 గంటలకు 600, అంటే గంటకు 66. పెళ్ళి భోజనం అదనం, దాన్ని తక్కువ చేయను! కానీ ఇది ముహూర్తాలతో ముడిపడిన పని. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో, మూఢం పడిన రోజుల్లో పెళ్ళిళ్ళుండవు. మెస్ బిల్లుకు మాత్రం మూఢం లేదు.

దీని అసలు ఖరీదు మర్నాడు ఉదయం తెలుస్తుంది. సెమిస్టరుకు 90 పనిదినాలనుకుంటే, 75 శాతం హాజరు ఉండాలంటే మనం పోగొట్టుకోగలిగింది 22 రోజులు. ముహూర్తాలు జోరుగా ఉన్న 11 వారాల్లో వారానికి రెండు పెళ్ళిళ్ళు ఒప్పుకుని, మర్నాడు నిద్రపోతే ఆ 22 రోజులూ ఖర్చయిపోతాయి. తర్వాత ఒక్కసారి జ్వరం వచ్చిందా, పరీక్ష ఫీజు కట్టేచోట నిలబడి బతిమాలుకోవాల్సిందే.

నాలుగోది తెలుగు టైపింగు. డి.టి.పి. సెంటర్లలో, చిన్న ప్రచురణకర్తల దగ్గర ఈ పని ఉంటుంది. ఇంకా చాలా ప్రెస్సులు అను వంటి పాత ఫాంట్లలోనే పుస్తకాలు తయారు చేస్తాయి. ఇంటర్నెట్టుకు, ఫోన్లకు కావలసింది యూనికోడ్. ప్రభుత్వ ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్టు కీబోర్డుతో పాటు పాత ఫాంట్ల కీబోర్డు కూడా వచ్చినవాడికి రెండు చోట్లా పని దొరుకుతుంది. పేజీకి 20 రూపాయలనుకుంటే, కొత్తలో తప్పులు దిద్దుకుంటూ గంటకు 2 పేజీలు, అంటే 40 రూపాయలే. చేయి తిరిగాక 4 పేజీలు, 80 రూపాయలు. పై మూడు పనుల్లో గంట విలువ ఏడాది తర్వాత కూడా దాదాపు అంతే ఉంటుంది. దీన్లో మాత్రం మన నేర్పును బట్టి పెరుగుతుంది.

ఇప్పుడు అన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 60, 88, 54, 66, 40 నుంచి 80. ఇంత తిరిగితే తేలింది, ఏ పనీ మనల్ని ధనవంతుల్ని చెయ్యదని! వీటి మధ్య తేడా గంటకు పదో ఇరవయ్యో, మహా అయితే యాభయ్యో. కనుక ఎంపిక డబ్బు ఒక్కదాని మీద జరగకూడదు. ఇంకా మూడు ప్రశ్నలున్నాయి.

ఒకటి: ఆ పని నా రోజులో ఏ గంటను తీసుకుంటుంది? గంటలన్నీ ఒకటి కావు. నాకు తెల్లవారుజామున బుర్ర పనిచేస్తుంది, సాయంత్రం ఆరు దాటాక సిద్ధాంతాలు ఎక్కవు. ఆరు తర్వాత అమ్ముకుంటే నాకు నష్టం తక్కువ. రాత్రి చదివే అలవాటున్నవాడికి ఇదే లెక్క తలకిందులవుతుంది.

రెండు: పరీక్షల నెలలో ఆపగలనా? టైపింగు ఆపొచ్చు. కేటరింగుకు పేరు ఇవ్వకుండా ఊరుకోవచ్చు. ట్యూషన్ ఆపటం కష్టం, ఎందుకంటే మన పరీక్షల కాలమే తరచు పిల్లలకూ పరీక్షల కాలం. కాబట్టి ఆ పది రోజుల సంగతి మొదట్లోనే మాట్లాడుకోవాలి.

మూడు: పని మానేశాక నా దగ్గర ఏం మిగులుతుంది? తొమ్మిదో తరగతి పిల్లవాడికి రుణసంఖ్యను రుణసంఖ్యతో గుణిస్తే ధనసంఖ్య ఎందుకొస్తుందో అర్థమయ్యేలా చెప్పటం అంత తేలిక కాదు. అది చెప్పగలిగినవాడికి తన సబ్జెక్టు పునాది గట్టిపడుతుంది.

ఈ మూడో ప్రశ్న వెనకే అసలు సంగతి ఉంది. నెట్ పరీక్షలో జూనియర్ రిసెర్చి ఫెలోషిప్పు వస్తే, 2023 జనవరి నుంచి అమలులోకి వచ్చిన రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయలు. నెలకు మూడు వేల కోసం పరుగెత్తి ఆ పరీక్షను ఒక ఏడాది వెనక్కి నెట్టుకుంటే పోయేదెంతో గణితం చదవనివాడికి కూడా తెలుస్తుంది. అలాగని మూడు వేలు లేకుండా ఆ పరీక్షదాకా బతకటం ఎలాగ? ఇదే మనందరి ఇరకాటం. చిన్న పని చదువును నిలబెట్టాలి గాని, చదువు చోటును ఆక్రమించకూడదు. ఇప్పటికే ఫెలోషిప్పు తీసుకుంటున్నవాళ్ళు మాత్రం ఏ పనైనా ఒప్పుకునే ముందు దాని నిబంధనలు చదవాలి. జీతం వచ్చే వేరే ఉద్యోగం చెయ్యటానికి అవి ఒప్పుకోవు.

సోదరీమణుల విషయంలో లెక్క కొంచెం వేరు. హాస్టలు గేటు మూసే వేళ, తిరిగొచ్చే దారి, ఆ ఇంట్లో ఎవరెవరుంటారు – ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మా క్లాసులో ఒకామె ఇద్దరు పిల్లల్ని తల్లి ఇంట్లో ఉండే వేళకే ఒకేచోట కూర్చోబెట్టి చెబుతుంది. గంటకు వచ్చేదీ ఎక్కువే, నిశ్చింతా ఎక్కువే.

ఇక చెయ్యకూడనివి కూడా చెప్పాలి. పని ఇస్తాం, ముందు డిపాజిట్టు కట్టమన్నారంటే అది పని కాదు. ఫోనులో లైకులు కొడితే డబ్బిస్తామని మొదట నూరో రెండొందలో వేసి, తర్వాత వేలు కట్టించుకునే వల ఒకటుంది. ఇలా డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. మీ బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే నెలకు ఇంత ఇస్తామనే వాళ్ళ మాట అసలు వినకండి. దొంగ సొమ్ము ఆ ఖాతాలోంచి నడిస్తే ఖాతా స్తంభిస్తుంది, పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మన గదికే. మనుషుల్ని చేర్పిస్తే డబ్బొచ్చే గొలుసు పథకాలను 1978 నాటి చట్టమే నిషేధించింది. 2021 నాటి డైరెక్టు సెల్లింగు నిబంధనలు కూడా పిరమిడ్ పథకాలను కాదన్నాయి. షేర్ మార్కెట్ ఫ్యూచర్స్, ఆప్షన్స్ పక్క సంపాదన అనుకునేవాళ్ళకు ఒక్క అంకె చాలు. 2024లో సెబీ వెల్లడించిన అధ్యయనం ప్రకారం అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వీటిలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఒకరి ప్రాజెక్టు రిపోర్టు మరొకరు డబ్బుకు రాసివ్వటం కూడా మన మధ్య ఉంది. ఆ పనిలో గంట విలువ బాగానే ఉండొచ్చు. పట్టుబడితే పోయేది ఇద్దరి డిగ్రీలూ.

ఇంతకీ నేనేం ఎంచుకున్నాను? పక్క వీధి ట్యూషన్. నెలకు 3,000, సరిగ్గా నా లోటు. కానీ ట్యూషన్ జూన్ నుంచి మార్చిదాకా పది నెలలే. మిగిలిన రెండు నెలలకు 6,000 కావాలి. పేజీకి 20 చొప్పున 300 పేజీల టైపింగు. దాన్ని పది నెలలకు పంచితే నెలకు 30 పేజీలు, రెండు ఆదివారాల పని. ఏడాదిగా ఇలాగే నడుస్తున్నది. నా గది గోడ మీద ఒక కాగితం అంటించుకున్నాను. దాని మీద రెండే అంకెలు: ఈ నెల హాజరెంత, ఈ నెల సంపాదనెంత. మొదటి అంకె తగ్గి రెండో అంకె పెరిగిన నెల వస్తే టైపింగు ఆపెయ్యాలని నియమం పెట్టుకున్నాను.

మీ లోటు వేరు, మీ వేళలు వేరు, మీ చేతిలో ఉన్న నేర్పు వేరు. అందుచేత నేను చేసిందే చెయ్యమని చెప్పటం లేదు. పనికి ఒప్పుకునే ముందు ఒక కాగితం, ఒక పెన్సిలు తీసుకోండి. రానూపోనూ కాలం కలపండి, ఖర్చు తీసెయ్యండి, గంటకు ఎంతో తేల్చండి. తర్వాత మిగతా మూడు ప్రశ్నలూ వేసుకోండి. ఏ పనీ చిన్నది కాదు, వడ్డన అయినా, బండి తోలటమైనా. మనం ఈ క్యాంపస్‌కు వచ్చింది దేనికోసమో ఆ పని మరిపించకుండా ఉంటే చాలు.