పాలకేంద్రం దగ్గర డేటాబేస్ పాఠం

ల్యాబ్‌లో తొలిసారి ఒరాకిల్ ముందు కూర్చున్న విద్యార్థిని ఎక్కువగా పలకరించేది 00942 నంబరు ఎర్రర్. అడిగిన టేబుల్ లేదని దాని అర్థం. పేరు తప్పు కొట్టి ఉండొచ్చు. వేరే యూజర్‌గా లాగినై ఉండొచ్చు. టేబుల్ ఉన్నా దాన్ని చూసే అనుమతి లేకపోవచ్చు. వీటిలో ఏదో తేల్చుకోవడానికి కుస్తీ పట్టినప్పుడు నేర్చుకున్నది జన్మలో మరిచిపోరు. మన డిగ్రీ కాలేజీల రికార్డు పుస్తకాలు తిరగేస్తే మాత్రం చాలావాటిలో ఒక్క ఎర్రరూ కనిపించదు. ప్రోగ్రాం, కింద అవుట్‌పుట్, పక్కన లెక్చరర్ సంతకం. అన్నీ మొదటి దెబ్బకే నడిచినట్టుంటాయి. సీనియర్ రికార్డు చూసి ఎక్కించిన పుస్తకం ఇంకెలా ఉంటుంది?

బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్, బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్. పేరేదైనా, కంప్యూటర్ విద్యను పనిలో పెట్టడం నేర్పాల్సిన డిగ్రీలివి. ఇంజినీరింగ్ సీటు రానివాళ్లకే ఇవన్న మాట మన ఇళ్లలో పాతుకుపోయింది. ఆ మాట పిల్లల్లోనే కాదు, పాఠం చెప్పేవాళ్లలోనూ ఉత్సాహం చంపేసింది. ఇది తక్కువ చదువు కాదని గట్టిగా చెప్పాలి. సరిగ్గా చదివితే దీని బలం దీనిదే. ఆ సరిగ్గా చదవడం ఎలా ఉంటుందో ఒక పాలకేంద్రంలో చూద్దాం.

ముగ్గురు వెంకటేశ్వర్లు

పాడి ఉన్న ఊళ్లో పాలకేంద్రం నడిచే తీరు అందరికీ తెలిసిందే. పొద్దున, సాయంత్రం రైతులు పాలు పోస్తారు. లీటర్లు కొలిచి, వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల (ఎస్‌ఎన్‌ఎఫ్) శాతం చూసి రేటు కడతారు. పది పదిహేను రోజులకోసారి బిల్లు ఇస్తారు. దీనికో సాఫ్ట్‌వేర్ రాయమంటే మూడో ఏడాది కుర్రాడు రైతు పేరు, లీటర్లు, రేటు అని గడులు గీసి గంటలో పని అయిందంటాడు.

కేంద్రానికి వెళ్లాకే అసలు పని మొదలవుతుంది. ఊళ్లో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటారు. అందులో ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. ఒకరి పాలు ఇంకొకరి ఖాతాలో పడకుండా ఉండాలంటే ప్రతి రైతుకూ మారని నంబరు ఒకటుండాలి. రెండో సెమిస్టరులో బట్టీపట్టిన ‘ప్రైమరీ కీ’ ఇదేనని కుర్రాడికి అక్కడ వెలుగుతుంది.

తర్వాత కేంద్రం నడిపే పెద్దాయన ఒక మాట అడుగుతాడు: “బాబూ, రేటు మొన్న ఒకటో తారీకున పెరిగింది కదా, పోయిన నెల బిల్లు మళ్లీ తీస్తే అందులోనూ కొత్త రేటే పడుతోందేంటి?” రేటును ఒకే గడిలో పెట్టి, మారినప్పుడల్లా దాని మీదే దిద్దడం వల్ల వచ్చిన చిక్కది. ఏ రేటు ఏ తేదీ నుంచి అమల్లో ఉందో విడిగా రాసిపెట్టాలి. బ్యాంకు వడ్డీకైనా, జీతాల్లో కరువు భత్యానికైనా ఇదే సూత్రం.

పైసల దగ్గర ఇంకో చిక్కు. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో మామూలు దశాంశాలుగా 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు. 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ ఈ భిన్నాలను సున్నా, ఒకట్ల బైనరీ లెక్కలో దాచుకుంటుంది కాబట్టి చివర కాస్త తేడా మిగులుతుంది. నెలంతా వందలమంది బిల్లుల్లో అది పేరుకుంటే చిట్టాకు, నగదుకు పొంతన కుదరదు. అందుకే డబ్బును పైసల్లో పూర్ణసంఖ్యగానో, డెసిమల్ రకంగానో దాచాలి.

“నిన్న అయిదు లీటర్లు పోస్తే నాలుగని ఎక్కించావేం నాయనా?” అని ఒక రైతమ్మ నిలదీస్తే? పాత అంకె చెరిపేసి కొత్తది రాయడం తేలిక. కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారన్నది మిగలకపోతే రేపు ఆ లెక్కను ఎవరూ నమ్మరు. పాలు నమోదై, సొమ్ము ఖాతాలో చేరేలోపు కరెంటు పోతే? రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. ట్రాన్సాక్షన్ అంటే అదే.

ఇన్ని ప్రశ్నలు మోసుకుని తరగతికి తిరిగొచ్చిన విద్యార్థికి పాఠం చెప్పడం ఏ అధ్యాపకుడికైనా పండగే.

కాగితం మీద దారి ఉంది

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్ చేర్చారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టరంతా పనిలోనే. ఆలోచన చాలా మంచిది. ఊళ్లో సర్వే చేసే ఆ మొదటి రెండు నెలల్లోనే పాలకేంద్రం లెక్క, పొదుపు సంఘం చిట్టా విద్యార్థి కంటపడాలి. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌ను కొనుక్కుంటే ఈ మేలంతా గంగలో కలిసినట్టే. హైదరాబాద్ అమీర్‌పేటలో ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరుకుతాయని రెండు తెలుగు రాష్ట్రాల విద్యార్థులకూ తెలుసు. కొన్నవాళ్లను తిట్టి లాభం లేదు. సొంతంగా చేసిన ప్రాజెక్టును, కొన్న ప్రాజెక్టును వైవాలో ఒకే మార్కుతో తూచినన్నాళ్లూ ఆ అంగడి నడుస్తుంది. “ఈ టేబుల్లో ఇంకో గడి చేర్చి చూపించమ్మా” అని అడిగితే చాలు, ఎవరి పని ఎవరిదో తేలిపోతుంది.

2024–25 నుంచి బీసీఏ కోర్సులు ఏఐసీటీఈ ఆమోదం కిందికి వచ్చాయి. యూజీసీ 2022 చివర్లో ఇచ్చిన ప్రణాళిక ప్రకారం 120 క్రెడిట్లకు మూడేళ్ల డిగ్రీ, 160కి నాలుగేళ్ల ఆనర్స్. ల్యాబ్‌లో ఒక్క క్రెడిట్ రావాలంటే సెమిస్టరులో 30 గంటలు పనిచేయాలి. ఆ 30 గంటలూ విద్యార్థి చేతులు నిజంగా కీబోర్డు మీద ఉన్నాయా అన్నదే నాకున్న ప్రశ్న.

చదువయ్యాక దారులు మూసుకుపోవు. ఐసెట్ రాసి ఎంసీఏలో చేరొచ్చు. 2020లో దాన్ని మూడేళ్ల నుంచి రెండేళ్లకు కుదించారు. విప్రో లాంటి సంస్థలు బీసీఏ, బీఎస్సీ వాళ్లను తీసుకుని ఉద్యోగం చేస్తుండగానే ఎంటెక్ చదివిస్తున్నాయి. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిదే అయినా, ఇంజినీరింగేతర పట్టభద్రులకు తలుపు తెరిచింది 2014 సవరణ. అమెరికాలో ఎంఎస్ అనుకునేవాళ్లు మాత్రం ముందే లెక్క చూసుకోవాలి. అక్కడి చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి కాబట్టి ఆనర్సో, ఎంసీఏనో పూర్తిచేసి వెళ్లడం క్షేమం.

కోడ్ అంతా ఏఐ రాసేస్తుంటే ఈ డిగ్రీ ఎందుకన్న భయం ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. చాట్‌జీపీటీని అడిగితే పాల లెక్కకు ప్రోగ్రాం క్షణాల్లో ఇస్తుంది, నిజమే. ఈ ఊళ్లో వెంకటేశ్వర్లు ముగ్గురున్నారని, రేటు ఒకటో తారీకున మారిందని దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ మనిషిని తయారుచేయాల్సింది ఈ డిగ్రీయే. అందుకే ఇప్పుడు దీని అవసరం పెరిగిందని నా నమ్మకం.

కాబట్టి తెలంగాణలో దోస్త్‌లో, ఆంధ్రాలో ఆన్‌లైన్ అడ్మిషన్లలో ఆప్షన్లు పెట్టేముందు తల్లిదండ్రులు ఒకసారి కాలేజీకి వెళ్లాలి. ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీలు చూసి తిరిగొచ్చేయకండి. క్లాసులయ్యాక ల్యాబ్ తెరిచి ఉంటుందా, ఒక్కో సిస్టమ్‌కు ఎంతమంది కూర్చుంటారు, ఇప్పటికీ ముప్ఫై ఏళ్లు దాటిన టర్బో సీ మీదే సీ ప్రోగ్రాంలు చేయిస్తున్నారా అని అడగండి. నిరుటి ప్రాజెక్టులు చూపించమనండి. అందులో ఏ ఒక్కటైనా ఇప్పుడు ఏ కిరాణా కొట్లోనో, స్కూల్లోనో, పాలకేంద్రంలోనో వాడుకలో ఉందా అనడగండి. ఉందంటే ఎక్కడో కనుక్కుని, ఆ కాలేజీని మొదటి ఆప్షన్‌గా పెట్టండి.