బస్సు నడుస్తుంది, ఏరు పారుతుంది

శ్రీముఖలింగంలో మధుకేశ్వరస్వామి గుడికి దగ్గర్లోనే వంశధార పారుతుంది. శ్రీకాకుళం నుంచి అటు బస్సు నడుస్తుంది. వానలో తడిసొచ్చిన పిల్లాడికి ముక్కు కారుతుంది. మూడింటికీ ఇంగ్లీషువాడు వాడేది ఒకటే క్రియ, ‘రన్’. బడిలో మనకు దాని అర్థం ‘పరుగెత్తు’ అని చెప్పి వదిలేశారు. దాన్నే పట్టుకుంటే ఏరూ, బస్సూ, ముక్కూ పరుగు పందెంలో దిగాలి.

మూడక్షరాల మాటే కదా అని తీసిపారేయకండి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కోసం పీటర్ గిల్లివర్ ఈ ఒక్క క్రియతో తొమ్మిది నెలలు కుస్తీపట్టి 645 అర్థాలు తేల్చాడు. బెదరక్కర్లేదు, వాటిలో చాలావాటి వెనక ఉన్నది ఆగకుండా సాగడమే. ఇంగ్లీషు ఆ సాగడాన్ని చూస్తుంది. మనం సాగేదేదో చూసి క్రియ ఎంచుకుంటాం. కొట్టు నడుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. అమెరికా ఎన్నికల్లో ‘రన్’ చేసే మనిషి మన దగ్గర నిలబడతాడు!

పక్కన చిన్న మాట చేరితే కథ మారిపోతుంది. ‘రన్ అవుట్’ అంటే ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ‘రన్ ఇంటూ’ అంటే సంతలో పాత నేస్తం ఎదురుపడ్డాడు. ‘రన్ ఓవర్’ అంటే లారీ తొక్కేసింది. ‘రన్ అవే’ అంటే పారిపోయాడు.

ఈ ‘పారిపోయాడు’ దగ్గర కాస్త ఆగాలి. పాత తెలుగులో పారడమంటే పరుగెత్తడం కూడా. అంటే ఒకప్పుడు మనకూ మనిషికీ నీటికీ ఒకే క్రియ ఉండేది. తర్వాత మనిషికి పరుగు మిగిలింది, పారడం నీళ్ళ వంతుకు పోయింది. పాత అర్థం పారిపోయేవాడి దగ్గర మాత్రం దాక్కుంది. క్రికెట్‌లో ఇంకో వింత. బంతి నేలను తాకుతూ బౌండరీ దాటితే, బ్యాటు పట్టినవాడు అడుగు కదపకపోయినా ‘నాలుగు పరుగులు’ అంటాం.

శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తికి ఇలాంటి చిక్కులు కొత్త కాదు. అప్పట్లో లిపి లేని సవర భాషను ఆయన సవరల నోటివెంటే విని నేర్చుకున్నారు, దానికి నిఘంటువు కూర్చారు. మాటకు మాట పెట్టి చేతులు దులుపుకుంటే ఆ పని సాగదు. ఎవరు, దేన్ని గురించి, ఎప్పుడు అంటున్నారో వినాలి.

‘రన్’కీ అదే దారి. ‘ఆదివారం బస్సులు రన్ అవుతాయా’ అన్నది శ్రీముఖలింగం బస్టాపులో ఎలా వినిపిస్తుందో తెలుసా? “ఆదివారం బస్సులుంతాయేటి?” పరుగూ లేదు, నడకా లేదు.