ప్రజా భవనాల సుగమ్యత - అమలు గడువులు

సుగమ్యతా గడువు అనగా వికలాంగులు ఇతరుల సహాయం లేకుండా ప్రవేశించి, సంచరించి, వాడుకొనుటకు వీలుగా ఒక భవనాన్ని ఏ తేదీలోగా మార్చవలెనో తెలిపే చట్టబద్ధమైన కాలపరిమితి. భారతదేశంలో ఈ గడువులకు ఆధారం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. హైదరాబాదులోని హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలతో కూడిన సైబరాబాదు ఈ విషయాన్ని అర్థం చేసుకొనుటకు తగిన ఉదాహరణ. ఇచ్చటి కార్యాలయ భవనాలలో అనేకం పాత చట్టానికి, కొత్త చట్టానికి నడుమ గల కాలంలో నిర్మింపబడినవి. ఈ గడువులపై 2024లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పుకు తోడ్పడిన నివేదికను తయారు చేసినది కూడా హైదరాబాదులోని ఒక విద్యాసంస్థయే.

నేపథ్యం

వికలాంగుల సమాన అవకాశాల చట్టం 1995లో రూపొంది, 1996 ఫిబ్రవరి 7 నుండి అమలులోకి వచ్చినది. ప్రజా భవనాలలో ర్యాంపులు, చక్రాల కుర్చీకి అనువైన మరుగుదొడ్లు, లిఫ్టులలో బ్రెయిలీ గుర్తులు, శబ్ద సూచనలు ఉండవలెనని ఈ చట్టం తెలిపినది. అయితే ప్రభుత్వాలు, స్థానిక సంస్థలు తమ ఆర్థిక స్తోమతకు లోబడి ఈ ఏర్పాట్లు చేయవలెనని మాత్రమే అందులో ఉన్నది. పని ఏ తేదీకి పూర్తి కావలెనో చెప్పలేదు.

హైటెక్ సిటీలోని మొదటి భవనమైన సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. తరువాతి రెండు దశాబ్దాలలో మాదాపూర్ నుండి గచ్చిబౌలి వరకు కార్యాలయ భవనాలు వెలసినవి. కంప్యూటరు ముందు కూర్చొని చేసే ఉద్యోగాలు శారీరక వైకల్యం గల అనేకులకు అనువైనవి. అర్హత, నైపుణ్యం ఉన్నప్పటికీ కార్యాలయ ద్వారం వద్ద గల మూడు మెట్లు ఆ ఉద్యోగానికి అడ్డు కాగలవు. సుగమ్యత భవన నిర్మాణానికే గాక జీవనోపాధికి కూడా సంబంధించిన విషయం కావడానికి కారణం ఇదే.

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్య సమితి ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించినది. ఈ ఒడంబడికలోని 9వ అధికరణం సుగమ్యతకు సంబంధించినది. దీనికి అనుగుణంగా రూపొందిన 2016 నాటి చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చినది.

2016 చట్టంలోని గడువులు

ఈ చట్టంలో 'ప్రజా భవనం' అను మాటకు విస్తృతమైన నిర్వచనం ఉన్నది. ప్రజలు ఉపయోగించే భవనం ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా ఈ నిర్వచనం క్రిందికి వస్తుంది. విద్యాలయాలు, వైద్యశాలలు, రైల్వే స్టేషన్లు, వ్యాపార స్థలాలతో పాటు పని ప్రదేశాలు కూడా ఇందులో పేర్కొనబడినవి. కనుక సాఫ్ట్‌వేర్ సంస్థల కార్యాలయాలకు మినహాయింపు లేదు.

భవనాలకు సంబంధించిన ముఖ్యమైన సెక్షన్లు ఇవి:

40వ సెక్షన్: సుగమ్యతా ప్రమాణాలను తెలిపే నియమాలను కేంద్ర ప్రభుత్వం రూపొందించవలెను.

44వ సెక్షన్: ఈ నియమాలకు విరుద్ధమైన నమూనాతో కొత్త భవనానికి అనుమతి ఇవ్వరాదు. నియమాలు పాటించని భవనానికి నిర్మాణం పూర్తయినట్లు ధ్రువపత్రం ఇవ్వరాదు, అందులో ప్రవేశించుటకు అనుమతింపరాదు.

45వ సెక్షన్: అప్పటికే ఉన్న ప్రజా భవనాలను, నియమాలు ప్రకటించిన తేదీ నుండి 5 సంవత్సరాలకు మించకుండా మార్చవలెను. రాష్ట్రాల సంసిద్ధతను బట్టి కేంద్ర ప్రభుత్వం గడువును పొడిగించవచ్చును.

46వ సెక్షన్: సేవలు అందించే ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు 2 సంవత్సరాలలోగా తమ సేవలను సుగమ్యం చేయవలెను.

89వ సెక్షన్: చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే 10,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతి ఉల్లంఘనకు 50,000 రూపాయలకు తగ్గకుండా 5 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చును.

చట్టం క్రింద నియమావళి 2017 జూన్ 15న ప్రకటింపబడినది. అప్పటి నుండి లెక్కించగా 45వ సెక్షన్‌లోని ఐదేళ్ళ కాలం 2022 జూన్ నెలతో ముగిసినది. సైబరాబాదులో 2017కు ముందు కట్టిన భవనాలకు 45వ సెక్షన్, ఆ తరువాత అనుమతి పొందినవాటికి 44వ సెక్షన్ వర్తిస్తాయి.

ప్రమాణాల మార్పు

కేంద్ర ప్రజా పనుల శాఖ 1998లో అవరోధ రహిత నిర్మాణానికి మార్గదర్శకాలను ప్రచురించినది. వాటి తరువాత 2016లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సమన్వయ మార్గదర్శకాలను విడుదల చేసినది. 2017 నియమావళిలోని 15వ నియమం వీటినే భవనాల ప్రమాణంగా స్వీకరించినది. ఐ.ఐ.టి. రూర్కీ, జాతీయ పట్టణ వ్యవహారాల సంస్థ కలిసి రూపొందించిన 2021 మార్గదర్శకాలు 2023 జూన్‌లో జరిగిన సవరణ ద్వారా వాటి స్థానంలోకి వచ్చినవి.

ఇచ్చట ఒక చిక్కు ఉన్నది. పాత ప్రమాణం ప్రకారం సక్రమంగా మార్చిన భవనాన్ని కొత్త ప్రమాణం వచ్చినప్పుడు మరల మార్చవలెనా? గడువు మరల మొదటి నుండి లెక్కింపబడునా? ప్రమాణాలు మారినప్పుడు ఏమి చేయవలెనో 45వ సెక్షన్‌లో ప్రత్యేకంగా చెప్పలేదు.

అమెరికా ఈ చిక్కును ముందుగానే గుర్తించినది. అచ్చట సవరించిన ప్రమాణాలు 2010 సెప్టెంబరు 15న ప్రచురింపబడగా, కొత్త నిర్మాణాలకు అవి 2012 మార్చి 15 నుండి తప్పనిసరి అయినవి. ఆ మధ్యకాలంలో నిర్మాణదారులు పాత ప్రమాణాన్ని గాని, కొత్తదానిని గాని ఎంచుకొనుటకు వీలు కల్పించారు. 1991 ప్రమాణాల ప్రకారం సక్రమంగా ఉన్న భాగాలను, వాటికి మరల మార్పులు తలపెట్టే వరకు, కొత్త కొలతలకు మార్చనవసరం లేదు. దీని వలన ముందుగా చట్టాన్ని పాటించినవారికి నష్టం కలుగదు.

మార్గదర్శకమా, నియమమా?

గడువుకు విలువ రావలెనన్న ఆ తేదీకి ఏమి పూర్తి కావలెనో కచ్చితంగా తెలియవలెను. ఉదాహరణకు ద్వారం వద్ద 15 సెంటీమీటర్ల ఎత్తు గల మూడు మెట్లు ఉన్నవనుకొందము. మొత్తం ఎత్తు 45 సెంటీమీటర్లు. 1:12 వాలు ప్రకారం ర్యాంపు పొడవు 5.4 మీటర్లు ఉండవలెను. స్థలం చాలదని 2.7 మీటర్లతో ముగిస్తే వాలు 1:6 అవుతుంది. అది చూచుటకు ర్యాంపే గాని, చక్రాల కుర్చీలో ఉన్న వ్యక్తి తనంతట తానుగా ఎక్కలేడు, దిగునప్పుడు ప్రమాదం కూడా. కొలత కేవలం సలహా అయినచో ఈ ర్యాంపును తప్పుపట్టుట కష్టం.

ఈ ప్రశ్నయే సుప్రీం కోర్టు ముందుకు వచ్చినది. దృష్టిలోపం గల రాజీవ్ రతూరి 2005లో సుగమ్యతపై ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలు చేశారు. 2017 డిసెంబరు 15న కోర్టు అనేక గడువులతో ఆదేశాలిచ్చినది. రాష్ట్ర రాజధానులలోని ప్రభుత్వ భవనాలలో 50 శాతాన్ని 2018 డిసెంబరు నాటికి సుగమ్యం చేయవలెననునది వాటిలో ఒకటి. అమలు ఆశించినంతగా జరుగకపోవుటచే, 2023 నవంబరులో కోర్టు క్షేత్రస్థాయి పరిస్థితిపై నివేదికను నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం నుండి కోరినది. ఈ విశ్వవిద్యాలయం హైదరాబాదు శివారులోని షామీర్‌పేటలో ఉన్నది.

ఆ నివేదికను పరిశీలించి 2024 నవంబరు 8న ప్రధాన న్యాయమూర్తి డి.వై.చంద్రచూడ్, న్యాయమూర్తులు జె.బి.పార్దీవాలా, మనోజ్ మిశ్రాల ధర్మాసనం తీర్పు ఇచ్చినది. చట్టం తప్పనిసరి నియమాలను కోరగా, 15(1)వ నియమం మార్గదర్శకాలను మాత్రమే చూపుతున్నదని, కనుక అది చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చినది. రాజీపడరాని కనీస ప్రమాణాలను వేరుచేసి 3 నెలలలో తప్పనిసరి నియమాలు రూపొందించవలెనని కేంద్రాన్ని ఆదేశించినది. అటు పిమ్మట నియమాలు పాటించనిచో ధ్రువపత్రాల నిలుపుదల, జరిమానాల వంటి చర్యలు అమలు కావలెనని కూడా తెలిపినది.

సుగమ్యతకు, సముచిత సౌకర్య కల్పనకు గల భేదాన్ని కూడా తీర్పు వివరించినది. ద్వారం వద్ద ర్యాంపు ఎవరూ అడుగకముందే ఉండవలసినది. ఇది సుగమ్యత. ఒక ఉద్యోగి అవసరాన్ని బట్టి ప్రత్యేకమైన బల్లను సమకూర్చుట సముచిత సౌకర్య కల్పన. మొదటిది లేని లోటును రెండవది తీర్చజాలదు.

స్థానికంగా అమలు

హైదరాబాదులో కొత్త భవనాలకు గట్టి అదుపు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2012 ఏప్రిల్ 7న 168వ నంబరు ఉత్తర్వు ద్వారా వెలువరించిన భవన నిర్మాణ నియమాలు ఈ పత్రాన్ని తప్పనిసరి చేసినవి. 44వ సెక్షన్ ఈ దశలోనే అమలు కాగలదు. పాత భవనాల సంగతి వేరు. వాటికి సర్టిఫికెట్టు ఎప్పుడో లభించినది కనుక తనిఖీ, జరిమానా మాత్రమే సాధనాలు.

ప్రయాణ మార్గం కూడా ఇందులో భాగమే. అమీర్‌పేట నుండి హైటెక్ సిటీ వరకు మెట్రో రైలు 2019 మార్చి 20న ప్రారంభమైనది. మెట్రో స్టేషన్లలో లిఫ్టులు, దృష్టిలోపం గలవారికి స్పర్శ పలకలు ఉన్నవి. అయితే స్టేషను నుండి కార్యాలయం బల్ల వరకు గల దారిలో ఎక్కడ ఒక్క అవరోధం ఉన్నా మిగిలిన ఏర్పాట్లన్నీ నిరుపయోగమవుతాయి. స్టేషను, కాలిబాట, భవనం వేర్వేరు సంస్థల అధీనంలో ఉన్నప్పుడు వాటి గడువులు ఒకదానితో ఒకటి పొసగవలెను.