సర్టిఫికెట్టు సరే... పనేం చేశావ్?

చదువు పూర్తికాకముందే కొన్నాళ్లు ఏదో ఒక సంస్థలో పనిచేసి రావడం... అదే ఇంటర్న్‌షిప్. పని నేర్పాల్సిన ఈ రెండు నెలల్నీ చాలామంది ఓ కాగితంతో సరిపెట్టేస్తున్నారు. అక్కడే వస్తోంది చిక్కు!

‘నాన్నా, సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చెయ్యాలంట. ఎనిమిది వారాలు.’

‘ఎంత కట్టాలేంటి?’

కాలేజీ పిల్లలున్న ఇళ్లలో ఎండాకాలం వచ్చిందంటే వినిపించే మాటలివి. ఆ తండ్రిని తప్పుపట్టలేం. ఎల్‌కేజీ నుంచీ ఫీజులు కట్టీ కట్టీ అలవాటైపోయిన ప్రాణం మరి! కానీ ఇంటర్న్‌షిప్ దగ్గర లెక్క వేరు. అక్కడ పెట్టాల్సింది డబ్బు కాదు, శ్రమ. సంస్థ వీలుంటే స్టైపెండ్ ఇస్తుంది, లేదంటే పని నేర్పుతుంది.

కొత్తదేం కాదు

ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఏడాదిపాటు హౌస్‌సర్జన్‌గా చేయాల్సిందే. సీఏ కావాలంటే ఆడిటర్ దగ్గర ఆర్టికల్‌షిప్ తప్పదు. పిలానీలోని బిట్స్ 1973లోనే ‘ప్రాక్టీస్ స్కూల్’ పేరుతో విద్యార్థుల్ని పరిశ్రమలకు పంపడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ పద్ధతి అందరికీ వచ్చింది. ఇంజినీరింగ్ నాలుగేళ్లలో 600 నుంచి 700 గంటల ఇంటర్న్‌షిప్ ఉండాలని ఏఐసీటీఈ చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మార్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక ఏకంగా పది నెలలు కేటాయించింది.

నిబంధన వచ్చింది, వెనకే దుకాణాలూ వచ్చాయి. డబ్బు కడితే చాలు, గడప తొక్కకుండానే సర్టిఫికెట్టు చేతిలో పెడతారు. కాలేజీలో మార్కులైతే పడతాయి. కానీ ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘అక్కడ మీరేం చేశారు? ఎక్కడ పొరపాటు జరిగింది? ఎలా సరిదిద్దారు?’ అని అడిగినప్పుడు కొన్న కాగితం నోరు విప్పదు.

ఊళ్లోనే ఉంది!

‘మంచి కంపెనీలన్నీ హైదరాబాద్‌లోనే కదా’ అన్నది చాలామంది బెంగ. రెండు నెలల హాస్టల్ ఖర్చు, తిండి, బస్సు చార్జీలు కలుపుకుంటే వచ్చే స్టైపెండ్ ఏ మూలకీ చాలకపోవచ్చు. అందుకే ముందు చుట్టుపక్కల చూడాలి. మెకానికల్ విద్యార్థికి ఆర్టీసీ డిపో గ్యారేజీ, ఎలక్ట్రికల్ వాళ్లకి సబ్‌స్టేషన్, కెమిస్ట్రీ చదివేవాళ్లకి పాలకేంద్రం ల్యాబు... అనుమతి దొరికితే ఇవన్నీ బడులే. కంప్యూటర్ సైన్స్ అమ్మాయి మందుల హోల్‌సేల్ షాపులో గడువు దగ్గరపడిన సరుకును చూపించే చిన్న ప్రోగ్రామ్ రాసిపెట్టినా అది అసలైన అనుభవమే.

ఆడిటర్ ఆఫీసులో రెండు నెలలు కూర్చున్న బీకాం కుర్రాడి సంగతే చూడండి. సరుకు అమ్మినవాళ్లు రిటర్ను వెయ్యకపోతే కొన్న వ్యాపారికి రావాల్సిన జీఎస్టీ క్రెడిట్ ఆగిపోతుందని పుస్తకంలోనూ ఉంటుంది. బిల్లుల కట్ట ముందేసుకుని, పోర్టల్‌లో లెక్క తేలక, సరుకు పంపినవాళ్లకి ఫోన్ చేసి అడిగినప్పుడే అది తలకెక్కుతుంది.

సైన్స్ మీద మక్కువ ఉన్నవాళ్లకి మరో దారి ఉంది. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మరో రెండు అకాడమీలతో కలిసి వేసవి పరిశోధన ఫెలోషిప్పులు ఇస్తోంది. ఎంపికైతే రెండు నెలలు శాస్త్రవేత్త దగ్గర పనిచేయొచ్చు. దీనికి అంతకు ముందు ఏడాది చివర్లోనే దరఖాస్తు చేసుకోవాలి.

అడగడం ఓ కళ

ఒకే రెజ్యుమెను వందమందికి పంపితే జవాబు రాదు. పదిమందికే పంపండి, కానీ ఎవరికి వారికి విడిగా రాయండి. ‘బీకాం రెండో ఏడాది చదువుతున్నాను. ట్యాలీ వచ్చు. మే, జూన్ నెలల్లో రోజూ రాగలను. బిల్లులు ఎక్కించే పనైనా సరే, మొదలుపెడతాను’... ఈ నాలుగు ముక్కలు చాలు. కాలేజీ నుంచి ఓ లేఖ జతచేయండి. సెలవులకు మూడు నాలుగు నెలల ముందే ప్రయత్నం మొదలవ్వాలి. వారం దాటినా జవాబు రాకపోతే మర్యాదగా మరోసారి గుర్తుచేయండి. సీనియర్లనీ, పక్కింటి బాబాయిగారినీ అడగడానికి మొహమాటపడొద్దు. అది పైరవీ కాదు, దారి అడగడమే.

రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్టు, ల్యాప్‌టాప్ అడ్వాన్సు... పేరేదైనా డబ్బు అడిగారంటే ఆగి ఆలోచించాల్సిందే. వీలైతే స్వయంగా ఆఫీసుకి వెళ్లి చూసి రావాలి.

చేరాక ఓ నోటుబుక్కు పెట్టుకుని ఏరోజు పని ఆరోజు రాసుకోవాలి. చివర్లో ఇచ్చే ధ్రువపత్రంలో ‘విజయవంతంగా పూర్తిచేశారు’ అన్న ఒక్క ముక్కే కాకుండా, ఏ పని చేశారో రాసిమ్మని అడగాలి.

ఇక ఇంట్లో పెద్దవాళ్లు చేయాల్సిందీ ఉంది. ‘ఎంత కట్టాలి?’ అన్న ప్రశ్నను పక్కనపెట్టి, సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే ‘ఇవాళ ఏం పని చేశావమ్మా?’ అని అడగాలి. రేపు ఇంటర్వ్యూలో అడిగేదీ అదే మరి!