టాపెట్లు ఎందుకు కొట్టుకుంటాయి?

మా పిఠాపురంలో పాత అంబాసిడర్ ఉన్నవాళ్ళు ఇంకా కొద్దిమంది మిగిలారు. మెకానికల్ చదివానన్న పాపానికి, కనబడ్డప్పుడల్లా "ఏవండీ, టాపెట్లు మోగుతున్నాయి, బిగించేయమంటారా?" అని నన్నడుగుతూంటారు. వద్దనే చెబుతాను. అదెందుకో మనవి చేస్తాను.

2014 వరకు ఉత్తరపారాలో తయారైన ఈ కారుకు చాలాకాలం ఉన్నది 1489 సి.సి. పెట్రోలు ఇంజను. అందులో క్యామ్ టాపెట్‌ను, టాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకరును నెడితే వాల్వు తెరుచుకుంటుంది. రాకరుకూ వాల్వుకూ నడుమ అంగుళంలో వెయ్యింట 15 వంతుల సందు, అనగా సుమారు 0.38 మి.మీ., కావాలనే ఉంచారు. వేడికి వాల్వు సాగుతుంది గదా! ఆ సందులోంచే టకటక శబ్దం. కొంచెం ఉండి తీరాలి.

శబ్దం పోవాలని సందు లేకుండా బిగిస్తే వేడెక్కిన వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని చాలావరకు సీటుకు ఆని దించుకుంటుంది. ఆనకపోతే అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది, ఆపైన హెడ్డు విప్పాల్సిందే. ఇంకో సంగతి. 2000లో దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. పాత ఇనప హెడ్డులో సీటు మెత్తనిదైతే, వాల్వు లోపలికి దిగుతూ సందు దానంతటదే తగ్గిపోతుంది. కాబట్టి మోగే బండికన్నా, నానాటికీ నోరు మూసుకుంటున్న బండినే నేను ఎక్కువ అనుమానిస్తాను!

అయితే ప్రతి చప్పుడూ టాపెట్‌దే కాదు. క్యామ్‌షాఫ్ట్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరిగితే, ఒక వాల్వు చప్పుడు 400 సార్లే. అదే చుట్టుకొకటిగా బరువుగా దబదబలాడితే బిగ్ఎండ్ బేరింగు కావచ్చు, బండి అక్కడే ఆపండి.

సర్దడానికి తొమ్మిది లెక్క ఉంది. 8వ వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు 1వది, 6వది తెరిచినప్పుడు 3వది, ఇలా రెండూ కలిపితే 9 రావాలి. మా మేస్త్రీలకిది నోటి లెక్క. మన క్యామ్ డ్రాయింగులకన్నా పనికొచ్చేది. ఇంత చేసినా మోగుతూంటే రాకరు మొన చూడండి. అరిగి గుంట పడితే ఫీలర్ గేజి ఆ గుంట మీదుగా పోతుందే గాని లోపలికి దిగదు. గేజికి 15 ఉన్నా, అసలు సందు అంతకన్నా ఎక్కువన్నమాట. అప్పుడు స్క్రూ తిప్పి లాభం లేదు, రాకరు మార్చాలి.