ఆడిన ఆటకా, ఆడబోయే ఆటకా?

మన దేశంలో క్రికెట్‌కు ఎంతటి ఆదరణ ఉన్నదో అమెరికాలో బేస్‌బాల్‌కు అంతటి ఆదరణ ఉన్నది. 2008లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే యువకులు పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు ఈ ఆట పేరు మన పత్రికలలో కొంతకాలం వినిపించింది. వారు ప్రధాన లీగు వరకు చేరుకోలేకపోవడంతో మళ్ళీ మరుగున పడింది. అయితే ఇటీవలి సంవత్సరాలలో అమెరికాలో స్థిరపడిన పిల్లలను చూడబోయిన తల్లిదండ్రులలో పలువురు ఈ ఆటను కూడా చూసి వస్తున్నారు. దూరం నుంచే అయినా, మేమూ దీని అభిమానులలో చేరి చాలాకాలమైనది.

ఆటను చూసే కొద్దీ మా దృష్టిని ఎక్కువగా ఆకర్షించినది బంతి, బ్యాటు కాదు, జీతాల వ్యవహారం. ఏ మైదానంలోనైనా, ఏ ఊరి అభిమానుల నోటనైనా వినవచ్చే ఫిర్యాదు ఒకటున్నది. ‘ఇన్ని కోట్లు పుచ్చుకుంటున్నాడు, బంతి మాత్రం తగలడం లేదు. ఇతనికి పదేళ్ళ ఒప్పందం ఎవరు పొడిగించమన్నారు?’ అన్నదే ఆ ఫిర్యాదు. పైకి న్యాయంగానే కనిపించే ఈ మాటను కొంచెం లోతుగా పరిశీలించాలని మా ఉద్దేశం. ఉద్యోగమూ జీతమూ ఉన్న ఇళ్ళన్నింటికీ ఈ ప్రశ్న కొత్తది కాదు. జీతం ఇప్పటి పనికి చెల్లింపా, వెనుకటి పనికి చెల్లింపా?

ముందుగా అక్కడి పద్ధతి కొంత తెలుసుకోవాలి. ఒక్కొక్క జట్టు ఏడాదికి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. పది అవకాశాలలో మూడుసార్లు హిట్ కొట్టినవాడు ఉత్తమ బ్యాటరుగా లెక్క. అంటే ఏడుసార్లు విఫలమైనవాడికి కూడా ఈ ఆటలో గౌరవం ఉన్నది. మన ఐ.పి.ఎల్. వేలంవలె రెండు మూడేళ్ళతో ముగిసే బేరాలు కావివి. పన్నెండేళ్ళు, పదిహేనేళ్ళు సాగే ఒప్పందాలున్నాయి. పైగా సంతకం పడిన తరువాత ఆటగాడు గాయపడినా, ఫామ్ కోల్పోయినా, చివరకు జట్టు అతనిని వదిలివేసినా, ఒప్పుకున్న సొమ్ము చెల్లించి తీరవలసిందే.

ఇక సర్వీసు లెక్క. ప్రధాన లీగులో 172 రోజులు పూర్తిచేస్తే ఒక సంవత్సరం సర్వీసు. మొదటి మూడేళ్ళ సర్వీసు కాలంలో ఆటగాడు ఎంత గొప్పగా ఆడినా, దాదాపు కనీస వేతనమే. 2025లో ఆ కనీస వేతనం 7 లక్షల 60 వేల డాలర్లు. ఆపైన మూడేళ్ళు మధ్యవర్తి సమక్షంలో జీతం తేల్చుకునే హక్కు వస్తుంది. ఆరేళ్ళు నిండిన తరువాతనే తన ఇష్టం వచ్చిన జట్టుతో బేరమాడుకోగల ‘ఫ్రీ ఏజెంట్’ అవుతాడు. సామాన్యంగా బ్యాటరు దేహదార్ఢ్యం, చూపు, చేతి వేగం ఇరవై ఆరు నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ నడుమ ఉచ్ఛస్థితిలో ఉంటాయి. బేరమాడే హక్కు వచ్చేసరికి చాలామందికి ఆ వయస్సు సగానికి పైగా గడిచిపోతుంది. మా దృష్టిలో చిక్కుముడి అంతా ఇక్కడే ఉన్నది.

ఫిలడెల్ఫియా జట్టుకు చెందిన ర్యాన్ హోవర్డ్ ఉదంతాన్ని చూద్దాం. 2006లో 58 హోమ్ రన్లు కొట్టి తన లీగులో అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికైనాడు. మరుసటి ఏడాది అతనికి ముట్టినది 9 లక్షల డాలర్లు. 2008లో మధ్యవర్తి ముందుకు వెళ్ళగానే అది కోటి డాలర్లయింది. ఒక్క సంవత్సరంలో మనిషి ఆట పదకొండు రెట్లు పెరిగిందా? లేదు, నిబంధన మారింది, అంతే. 2008లో ఆ జట్టు ప్రపంచ సిరీస్ గెలిచింది. 2010 ఏప్రిల్‌లో, పాత ఒప్పందం ముగియడానికి ఇంకా రెండు సీజన్లు మిగిలి ఉండగానే, యాజమాన్యం 12 కోట్ల 50 లక్షల డాలర్లకు అయిదేళ్ళ పొడిగింపు ఇచ్చింది. ఆ పొడిగింపు 2012లో అతని ముప్పై రెండవ ఏట మొదలు కావాలి. అది మొదలు కాకముందే, 2011 అక్టోబరులో సెయింట్ లూయిస్‌తో జరిగిన నిర్ణాయక మ్యాచ్‌లో చివరి బ్యాటరుగా పరుగెత్తుతూ మడమ పైనుండే పెద్ద నరం తెగి, దారిలోనే కుప్పకూలాడు. ఆ తరువాత పాత హోవర్డ్ తిరిగి రాలేదు. ఒకనాడు లేచి నిలబడి చప్పట్లు కొట్టిన ఊరే అతనిని ఈసడించింది. 2016 జూన్‌లో సొంత మైదానంలోనే ఒక ప్రేక్షకుడు అతనిపైకి సీసా విసిరాడు.

ఆ సీసా విసిరిన చేయి ఎవరిని దండించదలచినదో మాకు అర్థం కాలేదు. రెండేళ్ళు ముందుగా, అవసరం లేని తొందరతో, ముప్పై దాటిన భారీకాయుడికి అంత సొమ్ము రాసియిచ్చినది యాజమాన్యం. అది తప్పుడు అంచనాయే. అందులో మాకు సందేహం లేదు. కాని ఇవ్వజూపిన జీతాన్ని వద్దనే ఉద్యోగి ఏ దేశంలో ఉంటాడు? మన ఇళ్ళలో ఇంక్రిమెంటు ఆర్డరు వస్తే తిరగ్గొట్టినవారిని మేము ఇంతవరకు చూడలేదు.

ఆల్బర్ట్ పుహోల్స్ కథ ఇంకొక విధమైనది. 1999లో పదమూడవ రౌండు దాకా ఎవరూ ఎంపిక చేయని ఈ డొమినికన్ యువకుడు సెయింట్ లూయిస్ కార్డినల్స్ తరఫున 2001లో రంగప్రవేశం చేశాడు. 2003లో లీగులోకెల్లా మేటి సగటుతో, 43 హోమ్ రన్లతో నిలిచినప్పుడు అతని వేతనం 9 లక్షల డాలర్లు మాత్రమే. ఆ నగరంలో గడిపిన పదకొండేళ్ళలో 445 హోమ్ రన్లు కొట్టి, రెండు ప్రపంచ సిరీస్‌లు అందించాడు. 2011 డిసెంబరులో ఏన్జల్స్ జట్టు పదేళ్ళకు 24 కోట్ల డాలర్లతో అతనిని తీసుకున్నది. అక్కడ అతని సగటు వెయ్యికి 256కు పడిపోయింది. ఒప్పందం చివరి ఏడాది, 2021 మే నెలలో, వారే అతనిని వదిలివేశారు.

ఈ పదేళ్ళను మాత్రమే చూసినవారికి పుహోల్స్ అప్పనంగా సొమ్ము తీసుకున్నవాడుగా కనిపిస్తాడు. ఇరవై రెండేళ్ళనూ ఒకే ఖాతాలో వేసి చూస్తే లెక్క వేరుగా తేలుతుంది. మొదటి భాగంలో సెయింట్ లూయిస్ యాజమాన్యానికి మిగిలినది చివరి భాగంలో ఏన్జల్స్ యాజమాన్యం చెల్లించింది. పొరుగింటివారి బాకీని తీర్చినట్లయింది వారి పని. వారి బాధ న్యాయమైనదే. కాని ఆటగాడి వైపు నుంచి చూస్తే అది ఆలస్యంగా అందిన జీతమే. 2022లో నలభై రెండేళ్ళ వయస్సులో 25 లక్షల డాలర్లకు పాత ఊరికే తిరిగివచ్చి 24 హోమ్ రన్లు కొట్టి, మొత్తం 703తో విశ్రమించాడు. ఆ ఏడాది మాత్రం జీతం గురించి సణిగినవారిని మేము చూడలేదు.

ఈ ఆరేళ్ళ నిబంధన ఎక్కడి నుంచి వచ్చిందన్నది మన పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే విషయం. ఒకప్పుడు ఆటగాడు జీవితాంతం ఒకే యాజమాన్యానికి కట్టుబడి ఉండవలసినదే. పన్నెండేళ్ళు సెయింట్ లూయిస్‌కు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ను 1969లో అడగకుండానే ఫిలడెల్ఫియాకు బదిలీ చేశారు. తాను సరుకును కానని అతడు కోర్టుకెక్కాడు. 1972లో అమెరికా సుప్రీం కోర్టు 5–3 మెజారిటీతో అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఫ్లడ్ క్రీడాజీవితం అప్పటికే ముగిసిపోయింది. ఆ పోరాటానికి అండగా నిలిచిన ఆటగాళ్ళ సంఘం నాయకుడు మార్విన్ మిల్లర్. ఆయన బేస్‌బాల్ మనిషి కానేకాదు. అమెరికా ఉక్కు కార్మికుల సంఘంలో ఆర్థికవేత్తగా, వేతన చర్చలలో నిపుణుడిగా ఆరితేరినవాడు. 1966లో ఆటగాళ్ళ సంఘం బాధ్యత చేపట్టేనాటికి కనీస వేతనం 6 వేల డాలర్లు. 1968లో తొలి సమష్టి ఒప్పందంతో అది 10 వేలకు చేరింది. 1975లో ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ ఒప్పందంపై సంతకం చేయకుండానే ఏడాది గడిపి, డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పుతో స్వేచ్ఛ సంపాదించారు.

విచిత్రమేమంటే, ఆ విజయం తరువాత 1976 ఒప్పందంలో ఆరేళ్ళ నిబంధనకు మిల్లర్ స్వయంగా అంగీకరించాడు. ప్రతి సంవత్సరం ఆటగాళ్ళందరూ ఒక్కసారిగా సంతలోకి వస్తే ధర పడిపోతుందనీ, కొద్దిమందే వస్తే పెరుగుతుందనీ ఆయన అంచనా. ఆ అంచనా అక్షరాలా ఫలించింది. కాని పెరిగిన ధర ముదిరినవారికి, తరిగిన ధర కుర్రవారికి అన్న ఏర్పాటు కూడా దానితోనే స్థిరపడింది. కాబట్టి తప్పు ఒక్క యాజమాన్యాలదేనని మేము అనలేము. 99 రోజుల లాకౌటు తరువాత 2022 మార్చిలో కుదిరిన ఒప్పందంలో, ఉత్తమంగా రాణించే కుర్ర ఆటగాళ్ళకు పంచేందుకు ఏటా 5 కోట్ల డాలర్ల నిధిని ఏర్పరచారు. ముప్పై జట్ల మధ్య అది పెద్ద మొత్తమేమీ కాదు.

ఈ ఏర్పాటులోని రెండు కొసలూ తెలిసిన జట్లు ఇటీవల మరొక దారి తొక్కాయి. కుర్రవాడు ఫ్రీ ఏజెంట్ కాకముందే దీర్ఘకాలిక పొడిగింపు చేతిలో పెట్టడమే ఆ దారి. 2019 ఏప్రిల్‌లో అట్లాంటా జట్టు రోనల్డ్ అకూన్యాకు ఎనిమిదేళ్ళకు 10 కోట్లు, ఓజీ ఆల్బీస్‌కు ఏడేళ్ళకు 3 కోట్ల 50 లక్షల డాలర్లు రాసింది. ఆల్బీస్ బేరం చూసి అభిమానులే నొచ్చుకున్నారు, మేమూ నొచ్చుకున్నాము. అకూన్యా విషయంలో అంత తొందరపడి తీర్పు చెప్పలేము. వెనిజువేలాకు చెందిన అతడు బాల్యావస్థ దాటకుండానే లక్ష డాలర్లకు సంతకం చేసినవాడు. అటువంటి ఇంటికి 10 కోట్ల భద్రత అంటే ఏమిటో లెక్కల పట్టికలో కనబడదు. 2021లో ఒక మోకాలు, 2024లో రెండవ మోకాలు దెబ్బతిన్నాయి. ఆ రెండింటి నడుమ 2023లో 41 హోమ్ రన్లు, 73 దొంగిలించిన బేస్‌లతో లీగులో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. చవకగా అమ్ముడుపోయాడా, తెలివిగా బీమా చేసుకున్నాడా? ఒక్కొక్క సంవత్సరానికి ఒక్కొక్క జవాబు వస్తుంది.

దీనికి పూర్తిగా విరుద్ధం న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఏరన్ జడ్జి. 2022 సీజన్ మొదలయ్యే రోజున యాజమాన్యం తాము ఇవ్వజూపిన ఏడేళ్ళ, 21 కోట్ల 35 లక్షల డాలర్ల పొడిగింపును అతడు కాదన్నాడని బహిరంగంగా ప్రకటించింది. అభిమానులను అతనిపైకి ఉసిగొల్పే ఎత్తుగడగానే మాకు తోచింది. జడ్జి ఆ ఏడాది 62 హోమ్ రన్లు కొట్టి, 1961 నాటి రోజర్ మారిస్ అమెరికన్ లీగు రికార్డును అధిగమించి, డిసెంబరులో అదే యాజమాన్యంతో తొమ్మిదేళ్ళకు 36 కోట్లు రాయించుకున్నాడు. ఆ వేసవిలో అతని మోకాలు జారి ఉంటే ఈ కథను ధైర్యం అనక, దురాశ అని చెప్పుకునేవారు.

మధ్యలో ఒక సరదా సంగతి. న్యూయార్క్ మెట్స్ జట్టు 2000లో బాబీ బొనీయాకు చెల్లించవలసిన 59 లక్షల డాలర్లను అప్పటికప్పుడు ఇవ్వక, 8 శాతం వడ్డీతో వాయిదా వేసుకున్నది. ఫలితంగా 2011 నుంచి 2035 వరకు ఏటా జూలై 1వ తేదీన అతనికి సుమారు 11 లక్షల 93 వేల డాలర్లు అందుతాయి. 2001లో ఆట మానిన వ్యక్తికి ఇది పింఛను కాక మరేమిటి? అభిమానులు ఏటా ఆ రోజున నవ్వుకుంటారు. ప్రావిడెంట్ ఫండు వడ్డీ లెక్క తెలిసిన మన పాఠకులకు ఇందులో నవ్వవలసినదేమీ కనిపించకపోవచ్చు.

మా మనస్సును ఇప్పటికీ కలచివేసేది మైక్ ట్రౌట్ విషయం. 2012లో తొలి పూర్తి సీజనులోనే 30 హోమ్ రన్లు కొట్టి, 49 బేస్‌లు దొంగిలించిన ఆ ఇరవై ఏళ్ళ కుర్రవాడికి ఏన్జల్స్ జట్టు 2013లో ఇచ్చినది 5 లక్షల 10 వేల డాలర్లు. నాటి కనీస వేతనం కంటె 20 వేలు ఎక్కువ. పాత ఒప్పందం 2020 వరకు ఉండగా, 2019 మార్చిలో అతడు మొత్తం పన్నెండేళ్ళకు 42 కోట్ల 65 లక్షల డాలర్ల పొడిగింపుపై సంతకం చేశాడు. మరి రెండేళ్ళు ఆగి ఉంటే సంత తెరుచుకునేది. న్యూజెర్సీలోని మిల్‌విల్ అతని స్వస్థలం. సమీపంలోని ఫిలడెల్ఫియా అభిమానులు అతడు తమ జట్టుకు వస్తాడని ఎంతో ఆశపడ్డారు. అతడు ఆగలేదు. ఆపైన గాయాలు వెంటాడాయి. 2021లో 36, 2023లో 82, 2024లో 29 మ్యాచ్‌లు మాత్రమే ఆడగలిగాడు. ఏటా సుమారు 3 కోట్ల 70 లక్షల డాలర్లు ముడుతున్నాయని విమర్శించేవారు అసంఖ్యాకులు. 5 లక్షల డాలర్లకు లీగంతటికీ మేటిగా ఆడిన ఆ తొలి సంవత్సరాలను లెక్కలోకి తెచ్చేవారు మాత్రం అరుదు. ఒప్పందం 2030లో ముగుస్తుంది. అప్పటికి ట్రౌట్‌కు 39 ఏళ్ళు నిండుతాయి. 2014 తరువాత, 2025 సీజన్ ముగిసేదాకా, అతని జట్టు ఒక్కసారి కూడా ప్లేఆఫ్ దశకు చేరలేదు.