చీనా దేశపు ద్రవ్యము

చీనా దేశపు ప్రాచీన నాణెమును జూచినచో దాని నడుమ చదరపు రంధ్రమొకటి కానవచ్చును. ఆ దేశపు ద్రవ్యమును గూర్చి మా విద్యార్థులకు దెలుపుటకు మేము దీనినుండియే యారంభించుచున్నాము. ఆ రంధ్రము అలంకారమునకై చేసినది గాదు. కరగిన కంచును మూసలలో పోసి నాణెములు చేయుటచే వాని యంచులు గరుకుగా నుండెడివి. వానిని చతురస్రపు కడ్డీకి గ్రుచ్చి, తిరిగిపోకుండ నిలిపి, ఆకురాతితో నునుపుచేయుచుండిరి. పిమ్మట ఆ రంధ్రము గుండనే త్రాడు దూర్చి వేయేసి నాణెముల దండలు కట్టెడివారు. ఈ నాణెమునకు ఐరోపావారు పెట్టిన ‘క్యాష్’ అను పేరు తమిళుల ‘కాసు’ నుండి పోర్చుగీసువారి నోట పడి వచ్చినది. మన కాసును అదియే.

దండ మోయుట కష్టము. సెచువాన్ రాష్ట్రమున ఇనుప నాణెములే చెల్లుచుండుటచే మఱింత బరువు. అందుచే అచటి వర్తకులు తమయొద్ద నాణెములు దాచుకొనినవారికి చీట్లు వ్రాసి యిచ్చుచుండిరి. 1024వ సంవత్సరమున ప్రభుత్వమే యట్టి చీట్లను వెలువరించెను.

కాగితమున నొక చిక్కు కలదు. కంచునకు వలయు లోహములను భూమినుండి త్రవ్వి తీయవలెను. కాగితమును ఎంతయైన అచ్చొత్తవచ్చును. యుద్ధవ్యయమునకై ప్రభుత్వము అట్లే యచ్చొత్తగా, 1948 ఆగష్టులో 30 లక్షల పాత యువానులకు ఒక్క ‘బంగారు యువాను’ ఇయ్యవలసి వచ్చెను. ప్రజలు తమ బంగారమును, వెండిని అప్పగించి ఈ క్రొత్త నోట్లు గైకొనవలెనని యాజ్ఞ. 200 కోట్లకు మించి అచ్చొత్తమని యిచ్చిన మాట మూడు నెలలైన నిలువలేదు. మఱుసటి యేటి నడుమకు ఆ నోట్లు చిత్తుకాగితములయ్యెను. ఆజ్ఞకు వెఱచి నగలిచ్చినవారే ఎక్కువగ చెడిరనుట మాకు మిక్కిలి బాధాకరముగ దోచుచున్నది.

ఇప్పటి ద్రవ్యమునకు ‘రెన్మిన్‌బీ’ అని పేరు. ప్రజల ద్రవ్యమని యర్థము. 1948 డిసెంబరు 1వ తేదీన ఏర్పడిన చీనా ప్రజా బ్యాంకు దీనిని వెలువరించెను. దీనికిని మొదట ఆ జబ్బు తప్పలేదు. 1955లో పాత 10,000 యువానులను ఒక్క క్రొత్త యువానుగ మార్చిరి. లెక్క మాత్రము సులభము: యువానుకు 10 జియావోలు, జియావోకు 10 ఫెన్‌లు. 1957వఱకు రూపాయకు 16 అణాలు గుణించిన మన పెద్దలు దీనిని జూచి యసూయ పడవచ్చును!

‘యువాను’ అనగా గుండ్రనిది. పూర్వపు వెండి నాణెమును బట్టి వచ్చిన పేరు. అంగడిలో దీనినే ‘క్వాయ్’ అందురు. క్వాయ్ అనగా ముద్ద. నేడచటి నగరములలో పెక్కుమంది వెండిగాని కాగితముగాని చేతబట్టక సెల్‌ఫోనుతోనే సొమ్ము చెల్లించుచున్నారు. అయినను కూరల బేరమాడునపుడు ‘మూడు ముద్దలు’ అనియే పలుకుచున్నారు.